ముందుగా కప్పిన శాలువా

శాలువా కప్పించుకున్న మనిషి మెత్తబడతాడన్నది తిరుమలరావు బతుకులో నేర్చుకున్న ఒకే ఒక్క శాస్త్రం. కంచరపాలెంలో టెంట్ హౌస్ పెట్టుకుని సగం జీవితం గడిపినవాడికి ఇంకే శాస్త్రం వస్తుంది చెప్పండి! పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ పార్టీ మీటింగులకీ కుర్చీలు వేసి, షామియానా కట్టి, ఆపైన చేసే పని లేక ఓ మూల నిలబడి చూస్తుంటే మనుషుల సంగతి తెలియకేం? ఎంత కస్సుబుస్సుమనే ఆఫీసరైనా సరే, మెడలో దండ పడి భుజాల మీద శాలువా వాలిందంటే తల వంచి చేతులు జోడిస్తాడు. ఆ కాసేపూ అడిగినవాడికి అడిగినంత. "చూద్దాం, చేసేద్దాం" అనేస్తాడు. ఆ మాట మైకులో అన్నాడా, ఇంక మొహమాటం పట్టి పీడిస్తుంది. అదీ అతని నమ్మకం. ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

అతని ఇల్లు గెడ్డ వీధిలో ఉంది. రైలు పట్టాల గోడకీ గెడ్డకీ మధ్య ఇరుక్కుపోయిన వీధి అది. ఒక పక్క ఎత్తైన గోడ. రెండో పక్క, కొండ మీంచి దిగి ఊళ్ళో మురుగంతా మోసుకుంటూ సముద్రానికి పోయే గెడ్డ. వీధిలోకి రావాలన్నా పోవాలన్నా గెడ్డ మీద కల్వర్టు ఒక్కటే దారి. పోయినేడు వాయుగుండం వానలకి ఆ కల్వర్టు కాస్తా నడుం విరిగి గెడ్డలో కూలబడింది. వీధిలో మగాళ్ళంతా కలిసి ఎక్కడో పడున్న రెండు పాత కరెంటు స్తంభాలు దొర్లించుకొచ్చి అడ్డంగా పడేశారు. వాటి మీద చెక్కలు కట్టారు. మనిషి నడిచిపోవచ్చు, సైకిలు నడిపించుకుపోవచ్చు. ఆటో మాత్రం అవతలి గట్టునే ఆగిపోవాలి.

నడవగలిగినవాళ్ళకి అదొక చిరాకు, అంతే. తిరుమలరావు భార్య తాయారుకి మాత్రం అది ప్రాణం మీదికొచ్చిన విషయం. ఆమెకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పిందంటే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. కాళ్ళలో సత్తువ ఎప్పుడో పోయింది. వెళ్ళేటప్పుడు ఎలాగో నాలుగడుగులు వేసినా, తిరిగొచ్చేటప్పుడు గుడ్డపీలికలా ఉంటుంది మనిషి.

తిరుమలరావు తన దుకాణంలోంచి చేతుల కుర్చీ ఒకటి తెచ్చి, దానికి అటూ ఇటూ షామియానా వాసాలు రెండు కట్టాడు. ముందు జాకీర్, వెనక తను. జాకీర్ పక్కింటివాడు, ఆటో నడుపుతాడు. తాయారుని అక్కా అంటాడు, తిరుమలరావుని బావా అంటాడు. వీధిలో పిల్లలు దాన్ని తాయారమ్మ పల్లకీ అని పిలిచేవారు. తాయారు కూడా మొదట్లో నవ్వేది. చెక్కల మీదికి రాగానే మాత్రం నవ్వు ఆగిపోయేది. కళ్ళు గట్టిగా మూసుకుని "అప్పన్నా, సింహాద్రప్పన్నా" అనుకుంటూ కూర్చునేది.

"అయిపోనాదక్కా, అయిపోనాది" అనేవాడు జాకీర్, సగం కూడా దాటకముందే.

అర్జీలు పెట్టలేదా అంటే పెట్టారు. సోమవారం సోమవారం కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళి వరసలో నిలబడ్డారు. ఫోనులో కూడా కంప్లయింటు పెట్టారు. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని మెసేజి వచ్చింది. పరిశీలిస్తూనే ఉన్నారు పాపం, చలికాలమంతా. వార్డు కార్పొరేటరు రోజారమణి మంచి మనిషి. డ్వాక్రా గ్రూపులు నడుపుతూ పైకొచ్చింది. పిలిస్తే పలుకుతుంది. కానీ కౌన్సిల్లో ఆమెది బలం లేని పక్షం. ఆవిడ సరేనన్నా ఇంజినీరు నాగవంశీ దగ్గర ఆగిపోయేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలాగ. ఆ కుర్రాడికి ఉద్యోగం కొత్త. "ఎస్టిమేటు వేసి పైకి పంపానండీ" అనేవాడు ఎప్పుడు అడిగినా. ఆ పై అనేది ఎక్కడుందో అతనికీ తెలిసినట్టు లేదు.

ఇక లాభం లేదని తిరుమలరావు తన శాస్త్రం బయటికి తీశాడు. జాకీర్ తల్లి మెహబూబ్ బీ అరుగు మీద వీధి పెద్దలు నలుగురూ కూర్చున్నప్పుడు చెప్పాడు: కార్పొరేటరమ్మకీ ఇంజినీరుకీ కలిపి సన్మానం చేద్దాం. షామియానా, కుర్చీలు, మైకు తనవే. శాలువాలూ దండలూ వీధివి.

మెహబూబ్ బీ నోట్లో ఆకు పక్కకి తోసింది. "ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నాది. కల్వర్టే నేదు, సన్మానమేటి అల్లుడా?"

"అందుకే అత్తా ముందు సెయ్యాల. పనయ్యాక సేత్తే దండ మెడలో ఏసుకుని ఎల్లిపోతారు. పని కాకముందు సేత్తే మొహమాటం. మొహమాటాన్ని మించిన ఆర్డరేటున్నాది?"

అందరూ నవ్వారు. నవ్వినా, కాదన్నవాడు లేడు. ఇంకో దారి ఎవరికీ తోచలేదు మరి.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ పనిమంతుడికి చేతులూరుకోవు కదా. సన్మానం వీధిలోనే పెట్టాలి, అతిథులు గెడ్డ దాటి రావాలి. ఆ కంపులో, ఊగే చెక్కల మీద పెద్దవాళ్ళని నడిపించడం అతనికి చచ్చేంత నామోషీ. పెళ్ళివారింట్లో మట్టినేల కనపడకుండా పరిచి, పగిలిన గోడ కనపడకుండా పరదా కట్టడమే అతని వృత్తి. అలవాటు ఎక్కడికి పోతుంది? దుకాణంలోని స్టేజి బల్లలన్నీ తెచ్చి, కింద కడ్డీలు ఊతమిచ్చి, గెడ్డ మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెడల్పుగా పరిచేశాడు. వాటి మీద పచ్చ కార్పెట్టు. రెండు పక్కలా నడుమెత్తు కర్రలు నిలబెట్టి, తెల్లగుడ్డ చుట్టి, బంతిపూల దండలు వేలాడదీశాడు. గెడ్డ వైపు చూపు పోకుండా పరదాలు కట్టాడు.

తాయారు గుమ్మంలో కూర్చుని చూస్తూ అంది: "ఇరిగిపోనాదని సూపించడానికి పిలుత్తన్నావా, కప్పెట్టడానికా మావా?"

"పెద్దోలు వొత్తన్నారే. కంపులో నిలబెట్టీమంతావేటి? ఆలకి తెల్దేటి కింద ఏటున్నాదో!"

సాయంత్రం ఎండ వాలాక రోజారమణీ నాగవంశీ వచ్చారు. ఎక్కడ నిలబెట్టాలా అని చూస్తే, ఆ పచ్చ కార్పెట్టు మధ్యభాగమే అన్నిటికన్నా అందంగా ఉంది. అక్కడే నిలబెట్టి శాలువాలు కప్పారు. పూలగుత్తి తాయారు చేత ఇప్పించారు. ఆ రోజు ఆమె కుర్చీ ఎక్కలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని, తన కాళ్ళతో తను, మెల్లిగా ఆ బల్లల మీద నడిచి మధ్యదాకా వచ్చింది. కింద నీళ్ళు కనపడలేదు. కాలి కింద బల్ల ఊగలేదు.

"పూర్వం ఇలాగే ఉండేది గదా మావా" అంది. మొహమంతా నవ్వు. కిడ్నీలు పోయాక ఆమె అంతగా నవ్వడం తిరుమలరావు చూడలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాగవంశీ అప్పుడే ఫోను పైకెత్తి, అందరినీ కలిపి ఫోటో తీసుకున్నాడు.

రోజారమణి మైకు పట్టుకుని గొంతు సర్దుకుంది. "ఈ తాయారక్క మళ్ళీ ఆటోలో ఇంటి గుమ్మంలో దిగీదాకా నాను నిద్రపోను" అంది. చప్పట్లు మారుమోగాయి. తిరుమలరావు మెహబూబ్ బీ వైపు చూసి కనుబొమలెగరేశాడు. చూశావా నా శాస్త్రం, అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే బల్లలు విప్పేయక తప్పలేదు. ఆనందపురంలో పెళ్ళికి ఎప్పుడో ఒప్పుకున్న సామాను అది. మళ్ళీ స్తంభాలూ, పాత చెక్కలూ, పల్లకీ.

వారం తిరక్కుండా ఫోను మోగింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ధన్యవాదాలు." కింద ఫోటో. పచ్చటి కార్పెట్టు, పూల దండలు కట్టిన పిట్టగోడలు, మధ్యలో శాలువాలతో ఇద్దరు, పక్కన నవ్వుతూ తాయారు. ఎవడైనా చూస్తే నిన్నే కట్టిన కల్వర్టుకి ప్రారంభోత్సవం అనుకుంటాడు. తిరుమలరావు ఆ ఫోటోని దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. తన చేతిపని అంత బాగుంటుందని అతనికి ఎన్నడూ తెలియదు. 

జాకీర్‌ని వెంటబెట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాడు. నాగవంశీ వాళ్ళని చూడగానే లేచి నిలబడి, గదిలో ఇంకెవరూ లేకుండా తలుపు దగ్గరగా వేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేను కావాలని చేయలేదు తిరుమలరావు గారూ. పెండింగ్ ఎందుకుందని రోజూ పైనుంచి తిట్లు. ఆ రోజు ఫోటోలన్నీ కంప్యూటర్ ఆపరేటర్‌కి పంపాను, సైట్ చూశాను అనడానికి. పని అయ్యాక తీసిన ఫోటో అడిగేచోట దాన్ని ఎక్కించేశాడు. నేను చూసుకోలేదు."

"తప్పయిపోనాదని సెప్పి తీసేయించండి బాబూ."

"ఒకసారి క్లోజయిపోయాక నా చేతిలో ఉండదండీ. దానికి వేసిన డబ్బు కూడా ఇంకో వార్డుకి మళ్ళిపోయింది."

"మళ్ళీ కొత్త కంప్లయింటు పెడతాం" అన్నాడు జాకీర్.

"పెట్టండి. అదే చోటు కదా, ఇది అయిపోయిన పనే అని వెనక్కొచ్చేస్తుంది."

"పోనీ మీరొచ్చి సూసి, అక్కడ కల్వర్టు నేదని ఒక్క ముక్క రాయండి. దండం పెడతాను."

నాగవంశీ బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దాడు. "లేదని ఇప్పుడు రాస్తే, ఉందని అప్పుడెలా రాశావంటారండీ. నా ఉద్యోగం పోతుంది. మా అమ్మ..." అని ఆపేశాడు. తిట్టడానికి నోరు తెరిచిన తిరుమలరావు ఆ కుర్రాడి మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఎవర్ని తిట్టాలి? కోరి పిలిచి, నిలబెట్టి, శాలువా కప్పింది తనే.

రోజారమణి మాత్రం మండిపడింది. "కౌన్సిల్లో ఈ మాట లేపుతాను, అన్నా. నువ్వు కూడా రా, పైన సూసీవోల వరసలో కూకో. ఎలా కాదంటారో సూద్దాం."

కౌన్సిల్ సమావేశం రోజున తిరుమలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఇలాంటి హాల్లో కుర్చీలు ఎన్ని పడతాయో, పరదా ఏ రంగుదైతే బాగుంటుందో చెప్పగలడు గానీ, లోపల మాట్లాడేది వినడం అదే మొదటిసారి. పొద్దుటంతా వాళ్ళూ వాళ్ళూ అరుచుకున్నారు. ఒకాయన కాగితాలు చింపి గాల్లోకి విసిరాడు. ఆ గోలలోనే అజెండాలో అంశాలు ఒకదాని వెంట ఒకటి "ఆమోదం, ఆమోదం" అంటూ గడిచిపోయాయి. భోజనాల వేళ దాటాక రోజారమణికి మైకు దొరికింది.

ఆమె బాగానే మాట్లాడింది. కల్వర్టు కూలిపోవడం, డయాలసిస్ మనిషిని కుర్చీలో మొయ్యడం, కట్టని కల్వర్టుని కట్టేసినట్టు రాసుకోవడం, అన్నీ చెప్పింది.  

అవతలి పక్షంలో ఒక సభ్యుడు నెమ్మదిగా లేచాడు. చేతిలో ఫోను. అధికారుల్ని ఏదో అడిగాడు. గోడ మీది పెద్ద తెరపై ఆ ఫోటో వచ్చింది. ఇంత పెద్దగా. పచ్చ కార్పెట్టు మీద శాలువాతో రోజారమణి.

"కట్టని కల్వర్టు మీద నిలబడి శాలువా కప్పించుకున్నారేంటమ్మా? గాల్లో నిలబడ్డారా?" అన్నాడాయన.

హాలంతా గొల్లుమంది. రోజారమణి మాత్రం ఏం చెబుతుంది? అవి బల్లలండీ అంటే, పని కాకముందే సన్మానం ఎందుకు చేయించుకున్నావంటారు. ఆమె పక్షంవాళ్ళే ఇద్దరు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నారు. తెర మీద తాయారు నవ్వుతూనే ఉంది.

తిరుమలరావు లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు తనకే తెలియలేదు.

"అది నా కార్పెట్టండీ!" అని అరిచాడు. "కింద ఏటీ నేదండీ! నాదే ఆ కార్పెట్టు! టెంట్ హౌసు సామానండీ అది!"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. బంట్రోతు వచ్చి, పాపం మర్యాదగానే, భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. తలుపు మూసుకుంటుంటే వెనక మేయరు గొంతు వినిపించింది. "తరవాతి అంశం."

వీధిలో ఆ సంగతి అతనికన్నా ముందే చేరింది. ఎవరో ఫోనులో తీశారు. "కార్పెట్టు రావుగారొచ్చారు" అన్నాడు కిళ్ళీకొట్టువాడు. వీధివాళ్ళలో కొందరు మాట్లాడ్డం మానేశారు. వీడి తెలివి వల్లే వచ్చే కల్వర్టు కూడా పోయిందన్నారు. అందులో అబద్ధమేముంది? అందరికన్నా ఎక్కువ తనని తనే తిట్టుకుంటున్నాడు.

తాయారు మాత్రం ఒక్క మాటా అనలేదు. అదే అతనికి భరించరానిదైంది.

"తిట్టవే. నా బుర్ర మీద కొట్టు. ఏటోటి అను" అన్నాడు.

"నాకోసరమే గదా సేసినావు" అంది తాయారు. "ఏటని తిట్టను?"

ఎండాకాలం పోయింది. వానలు మొదలయ్యాయి. గెడ్డ నిండి చెక్కల్ని తడుపుతూ పారుతోంది. డయాలసిస్ రోజు పొద్దున జాకీరూ అతనూ కుర్చీ ఎత్తుకుని బయల్దేరారు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి జాకీర్ కాలు జారింది. మోకాలి మీద కూలబడ్డాడు గానీ వాసం వదల్లేదు. కుర్చీ ముందుకి ఒరిగింది. తాయారు కళ్ళు తెరిచింది. మొహానికి మూరెడు దూరంలో నల్లటి నీళ్ళు సుడులు తిరుగుతూ పోతున్నాయి. ఆమె అరవలేదు. చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. జాకీర్ మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుండగానే లేచి అవతలికి చేర్చాడు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి ఆటో గట్టున ఆగింది. తిరుమలరావు దుకాణం అక్కడే, ఆటో ఆగే గట్టు మీదే. కుర్చీ తెచ్చి ఆటో పక్కన పెట్టాడు. జాకీర్ కట్టు కట్టిన కాలితో కుంటుతూ వచ్చి ముందు వాసం దగ్గర నిలబడ్డాడు.

తాయారు ఆటో దిగలేదు.

"నన్నింక దాటించొద్దు మావా" అంది.

"అదేటే? ఇల్లు అదుగో, ఎదురుగానే ఉన్నాది."

"ఉన్నాది. నాకు అందనేదు గదా." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. అలసిపోయిన మనిషి మాట అది. "జాకీరుకీ పెల్లాం పిల్లలున్నారు. నా కోసం గెడ్డలో పడిపోతాడేటి? దుకానంలో నాలుగు బల్లలు ఏసీ. నానిక్కడే ఉండిపోతాను."

"ఎన్నాళ్ళుంతావే ఇక్కడ?"

తాయారు అతని వైపు చూసింది. ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. తెలిసి తెలిసి ఎందుకడిగాడా అని అతనే సిగ్గుపడ్డాడు.

షట్టరు ఎత్తాడు. పేర్చిన కుర్చీలు పక్కకి జరిపి, బల్లలు కలిపి, పెళ్ళివారికి అద్దెకిచ్చే పరుపు వేశాడు. ఆమెని ఎత్తుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాడు. చుట్టిపెట్టిన షామియానాల తడివాసన మధ్య తాయారు గెడ్డ వైపు తిరిగి పడుకుంది. అక్కడి నుంచి ఇంటి గుమ్మం కనిపిస్తుంది.

ఆమె మందులూ తలగడా తేవాలని తిరుమలరావు చెక్కల మీదుగా ఇంటికి వెళ్ళాడు. పొద్దున ఆమె విప్పి దండెం మీద వేసిన చీర అలాగే ఉంది. పొయ్యి దగ్గర ఆమె కూర్చునే పీట అలాగే ఉంది. కావలసినవన్నీ సంచిలో పెట్టుకుని బయటికొచ్చి తలుపు లాగాడు. పెళ్ళయి ఇన్నేళ్ళకి, తాయారుని బయటపెట్టి ఇంటికి తాళం వేయడం ఇదే మొదలు. గడపలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవతలి గట్టు నుంచి తాయారు గొంతు వినిపించింది, ఉన్న ఓపికంతా కూడదీసుకుని.

"మావా! తాళం సరిగ్గా ఏసినావా?"

"ఏసినానే" అన్నాడు. గెడ్డ హోరులో ఆ మాట అవతలికి చేరలేదు. ఆమె మళ్ళీ అడిగింది.